ముల్లు లేచిన చోట

అటక మీంచి దించిన అట్టపెట్టెలో
ఇరవై రెండేళ్ళ కాగితపు చుట్టలు.
ఒక్కో చుట్టా ఒక మనిషి
నా ఎదుట కూర్చుని పీల్చి వదిలిన గాలి.

ఇది దెయనీరా చితీవాది.
ఫకతతివా ఊరి బయట, గులాబీల షెడ్డులో
కాడలు కోసే మనిషి.
జనవరి నెలాఖరు. ఎక్కడెక్కడి ప్రేమికుల కోసమో
రాత్రింబవళ్ళు పెట్టెలు కడుతున్న రోజులు.
ఒక పెట్టెలో పూల కింద పొట్లం దొరికింది.
పద్నాలుగు మందిని వరసగా నా కుర్చీలోకి పంపారు.

ఛాతీ చుట్టూ రబ్బరు గొట్టం,
జబ్బకి పట్టీ.
వేళ్ళకి రేకులు తొడగబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.
వేలికొసల నిండా గీరుళ్ళు.
"మీ మిషనుకీ ముళ్ళేనా?" అని నవ్వింది.
ఆ నవ్వుని ఎక్కడా రాసుకోలేదు.
దానికి గడి లేదు.

మూడో ప్రశ్న: పరాయి సొమ్ము ఎప్పుడైనా ముట్టుకున్నారా?
ఐదో ప్రశ్న: ఆ పొట్లం పెట్టింది మీరేనా?
మా లెక్క ప్రకారం
నిజం చెప్పేవాడు మూడో దగ్గర ఉలిక్కిపడాలి,
అబద్ధమాడేవాడు ఐదో దగ్గర.
పుట్టి బుద్ధెరిగాక ఒక్క చిల్లర కాసైనా
కాజెయ్యనివాళ్ళ కోసం
మా పుస్తకంలో పేజీ లేదు.

మూడో దగ్గర ఆమె గీత తుడిచిన పలక.
ఐదో దగ్గర ముల్లు లేచింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే
భుజాలు తడుముకున్నవాడే అంటుంది మా శాస్త్రం.
ఆ షెడ్డులో పొద్దస్తమానం
అందరి భుజాల మీదా ఆకు నలుసులు రాలుతూనే ఉంటాయి.

మైనస్ ఆరు వేశాను.
మైనస్ ఆరంటే అబద్ధం.
మైనస్ ఐదైతే ఏమీ తేలనట్టు,
మర్నాడు పనిలోకి వచ్చేది.
ఆ ఒక్క అంకె కోసం రక్తపోటు గీతని రెండుసార్లు చూశాను,
భోజనానికి ముందోసారి, తరవాతోసారి.
తరవాత చూసిందే రాశాను.

ఎలియేసెర్‌కి ఇదే చుట్ట ఇస్తే
మైనస్ రెండు అన్నాడు.
"కళ్ళద్దాలు మార్చు" అన్నాను.
ఇద్దరం నవ్వుకున్నాం.
సంతకం నాది.

ఈ రాత్రి వంటింటి బల్ల మీద పరిచి,
పేరు మీద సాసరు బోర్లించి,
మళ్ళీ లెక్కగట్టాను.
మైనస్ మూడు.
పాలు కాచుకుని తాగి, మళ్ళీ.
ప్లస్ ఒకటి.
సిరా వెలిసింది గాని గీత ఉన్నచోటే ఉంది.
జరిగింది నేను.

ఐదో ప్రశ్న అంచున పెన్సిలుతో
నా అక్షరాలే, చీమలంత:
"బయట లారీ రివర్సు."
ఆ రోజు రాసింది నేనే.
ఆ రోజు చదవనిదీ నేనే.

అలాగని నిర్దోషి అని కాదు.
పొట్లం ఆమెదే కావచ్చు కూడా.
లారీ మోతకి అదిరిందో, ప్రశ్నకి అదిరిందో,
ఇంట్లో పిల్లవాడికి జ్వరమో,
గుండె అదిరిందని మాత్రమే తెలుసు ఈ కాగితానికి.
ఎందుకో చెప్పడానికి
నాకు జీతమిచ్చారు.

గురువారం బస్టాండులో
ఫ్లాస్కుల బండి తోసుకుంటూ వచ్చిందామె.
చూడగానే పోల్చుకున్నాను. పోల్చుకున్నాననే అనుకుంటున్నాను.
ముందు వేళ్ళ వైపు చూశాను.
నున్నగా ఉన్నాయి.
కాఫీ కప్పు అందుకోబోయి
సగం నా చొక్కా మీదే ఒంపుకున్నాను.
ఆమె నా మొహం చూడలేదు, చెయ్యి చూసింది.

"చలా, డాక్టర్?"

మా ఊళ్ళో టై కట్టిన ప్రతివాడూ డాక్టరే,
దాన్నిబట్టి ఏదీ చెప్పలేం.

"అవును, చలి" అన్నాను.
పదకొండు గంటల ఎండ మాడు మీద చురుక్కుమంటోంది.

ఆమె ఇంకో కప్పు నింపి,
మూత నొక్కి పెట్టి,
నా రెండు చేతుల్లోనూ ఉంచింది.
దానికి డబ్బులు పుచ్చుకోలేదు.